బల్లలు ఊడదీసిన వారం

చర్చి ఒక్క డాలరుకి అమ్ముడుపోయింది.
కప్పు బాగుచేయించడానికి ఎంతవుతుందో లెక్క తేలాక
ఆ డాలరు కూడా దండగేనన్నారు ఊళ్ళో.
కొన్నది జున్ను చేసే సహకార సంఘం.
రాతిగోడల చల్లదనం జున్నుకి మంచిదట.

బల్లలు ఊడదీసే పని నాకొచ్చింది.
క్యుబెక్‌లో మార్చి నెల,
సెయింట్ లారెన్స్ మీద మంచు ఇంకా పగల్లేదు.
లోపల మా ఊపిరి మాకే తెల్లగా కనిపిస్తోంది.
తోడు మక్సాన్స్, పందొమ్మిదేళ్ళవాడు,
బాప్తిస్మం లేనివాడు,
ఇక్కడ టోపీ తీయాలని ఎవరూ చెప్పనివాడు.
నేను తీశాను.
నేనూ నమ్మను.
సిగరెట్లు మానేసిన తేదీ గుర్తుంది నాకు,
ఇది ఎప్పుడు మానేశానో గుర్తులేదు.
చేతికి ఇంకా కబురు అందలేదు కాబోలు.

మూడో బల్ల దగ్గర సుత్తి జారి
వాడి బొటనవేలి మీద పడింది.
"తబర్నాక్!" అని అరిచాడు.
మా వైపు బూతులన్నీ పూజసామాను పేర్లే,
గిన్నె, రొట్టె, మందసం.
"అదిగో, నువ్వు తిట్టింది దాన్నే" అని చూపించాను,
పీఠం మీద, బంగారుపూత తలుపుల పెట్టె.
వేలు నోట్లో పెట్టుకునే దగ్గరికి వెళ్ళి చూశాడు.
"ఇంత చిన్నదా?" అన్నాడు.

బల్లల కింద ఎండిన చూయింగ్ గమ్,
జడపిన్నులు, ఒక పాలపన్ను.
పాటల పుస్తకాల అరలో, లోపలి చెక్క మీద,
పెన్సిలుతో పొడుగాటి కూడిక.
పైన ఫాదరు నరకాన్ని వర్ణిస్తుంటే
కింద ఎవరో రైతు పాలడబ్బులు లెక్కేసుకున్నాడు.
అవిశ్వాసం మా తరంతో మొదలైందనుకునేదాన్ని.
అది గమ్‌లా
ఎప్పటినుంచో ఇక్కడే అంటుకుని ఉంది.

మా అమ్మ దేవుణ్ణి వదల్లేదు. ఫాదరుని వదిలింది.
ఆరో కాన్పు నేను. ఇక చాలన్నాడు డాక్టరు.
చాలదన్నాడు ఫాదరు, పాపనివేదన గదిలో, జాలీ వెనక నుంచి.
ఆమె మోకాళ్ళ మీంచి లేచింది,
తలకి రుమాలు బిగించింది,
ఇంటికొచ్చి బంగాళాదుంపలు తరిగింది.
వాదించలేదు. మళ్ళీ వెళ్ళలేదు.
చదువుకున్నవాళ్ళు దీనికేదో పెద్ద పేరు పెట్టారు.
మా ఇంట్లో దాని పేరు
ఆదివారం పొద్దున నిద్ర.

గురువారం ఆ గది నేనే విప్పాను.
మోకాళ్ళ పీట మీద రెండు గుంటలు,
ఊరంతా కలిసి అరగదీసినవి.
మా అమ్మ వంతు ఎంతో
చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుందా?
చూశాను. చెక్క చల్లగా ఉంది, అంతే.

వదిలేయడం తేలికే.
వదిలేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నదే తెలియదు.
మొన్న అక్టోబరులో లుడివీన్ టీచరు పోయింది.
ప్రార్థన వద్దని రాసిపెట్టింది.
నది ఒడ్డున అరవైమందిమి నిలబడ్డాం,
జేబుల్లో చేతులతో, గాలిలో,
ఎవరు మొదలుపెడతారా అని ఒకరినొకరు చూసుకుంటూ.
చివరికి చేపల కొట్టు ఫెర్నాన్,
బడిలో ఎప్పుడూ ఆఖరి బెంచీవాడు,
"ఏడొకట్ల ఏడు" అన్నాడు.
ఎవరో నవ్వారు. ఎవరో అందుకున్నారు.
మా అందరికీ ఎక్కాలు నేర్పింది ఆవిడే.
ఏడెనిమిదుల దగ్గర
ఎప్పట్లాగే సగంమంది తడబడ్డారు,
మిగతా సగం వాళ్ళని ఒడ్డుకి లాగారు.
డెబ్భై చేరేసరికి
జేబుల్లో ఎవరి చేతులూ లేవు.

అది చాలిందా అని అడిగితే
నా దగ్గర జవాబు లేదు.
ఆవిడ చెల్లెలు మాత్రం ఇంటికెళ్ళి
ఒంటరిగా జపమాల తిప్పిందని విన్నాను.
తిప్పనీ.

శుక్రవారానికి నేల ఖాళీ అయింది.
బల్లలున్నచోట పాలిపోయిన చారలు,
దున్ని విత్తడం మరిచిన పొలంలా.
మక్సాన్స్ ఒక బల్ల అడిగాడు,
బస్సు ఆగేచోట వేస్తాడట,
ముసలివాళ్ళు నిలబడలేకపోతున్నారని.
నేను ఆ కూడిక ఉన్న చెక్క తెచ్చుకున్నాను.
రాత్రి కళ్ళజోడు పెట్టుకుని సరిచూశాను.
తప్పింది.
ఆ రైతుకి ఇంకా రెండు సెంట్లు రావాలి.